మాత్ర షాపులోనే ఉంది, గంటలే ఎక్కడో పోతున్నాయి

శనివారం రాత్రి కండోమ్ చిరిగింది. ఆదివారం పొద్దున వీధి చివర మెడికల్ షాపు తెరిచే ఉంది కానీ గల్లా దగ్గర కూర్చునేది నాన్నకు తెలిసినాయన. సోమవారం ఆఫీసు నుంచి వస్తూ కొందామంటే షాపు నిండా జనం. మంగళవారం ఓ స్నేహితురాలు 'సేఫ్ పీరియడే కదా, ఏం కాదులే' అని ధైర్యం చెప్పింది. విజయవాడ పటమటలోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా ఇదే వరస. బాగా చదువుకున్న ఇళ్లలోనూ అంతే. కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర గురించే ఇదంతా. డాక్టరు చీటీ అక్కర్లేకుండా 2005 నుంచీ అమ్ముతున్న మాత్ర అది. రెండు ఊళ్లలోనూ సందుకో మెడికల్ షాపు ఉంది. అయినా నెల తప్పాక సూర్యారావుపేట ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లు తగ్గడం లేదంటే, సరఫరా గురించి మాట్లాడుకోవడం ఇక అనవసరం.

పెట్టె మీద 72 గంటలు అని ఉంటుంది. అది గడువే గానీ తీరిక కాదు. అందులో ఉండేది లెవోనార్జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. అండం విడుదలను వాయిదా వేయడమే దాని పని. వీర్యకణాలు ఒంట్లో ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం బతికేది ఒక్కరోజు. వీర్యకణాలు చచ్చేదాకా అండం బయటికి రాకుండా ఆపగలిగితే గండం గడిచినట్టే. అండం అప్పటికే విడుదలైపోతే మాత్ర చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే మొదటి రోజుకీ మూడో రోజుకీ అంత తేడా. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతయితే మళ్లీ వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ లాంటివి వాడుతున్నవాళ్లకు ఈ మోతాదు చాలకపోవచ్చు. బరువు ఎక్కువున్నవాళ్లలో కూడా దీని పని కొంత తగ్గుతుంది. ఆ తర్వాత నెలసరి వారం దాటినా రాకపోతే కార్డు టెస్టు చేసుకోవాలి. ఇవన్నీ కౌంటర్ దగ్గర ఒక్క నిమిషంలో చెప్పగలిగే మాటలు. సిగ్గుపడుతూ కొనేవాళ్లు అడగరు, త్వరగా పంపేయాలనుకునేవాళ్లు చెప్పరు.

గుంటూరు కొత్తపేటలో ఓ షాపు దగ్గర ఈ తంతు చూశాను. అమ్మాయి ముందు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అడిగింది, తర్వాత జండూబామ్. పక్కనున్న పెద్దాయన బీపీ మాత్రలు తీసుకుని వెళ్లేదాకా బామ్ డబ్బా తిప్పి తిప్పి చదివింది. ఆయన అటు వెళ్లగానే నోటితో చెప్పకుండా ఫోన్ తెర చూపించింది. కౌంటర్ కుర్రాడు లోపలికి తిరిగి 'అన్నా, ఐ-పిల్ ఒకటి!' అని కేకేశాడు. ఆ తర్వాత దాన్ని పేపర్లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, నల్ల కవర్లో పెట్టి ఎంతో మర్యాదగా ఇచ్చాడు. కేకేశాక కవరెందుకో నాకర్థం కాలేదు.

దీనికంటే పెద్ద అన్యాయం ఇంకోటుంది. ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే వందకు 99 మందికి పైగా గర్భం రాదు. మాత్ర ఏదీ దీనికి సాటి రాదు. బరువుతో పేచీ లేదు, వాడే మందులతో పేచీ లేదు, ఆ తర్వాత రకాన్ని బట్టి ఐదేళ్లో పదేళ్లో నిశ్చింత. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మరి ఎంతమందికి తెలుసు? కాపర్-టీ అంటే ఒక కాన్పు అయ్యాక, రెండో బిడ్డకు ఎడం కోసం వేసేది అని మన బుర్రల్లో ముద్రపడిపోయింది. పిల్లలు పుట్టనివాళ్లకు వేయకూడదని వైద్యశాస్త్రం ఎక్కడా చెప్పలేదు. వద్దంటున్నది 'పెళ్లయిందా?' అనే ప్రశ్న. పోనీ పెళ్లయినామె వెళ్తే, 'మీ ఆయన్ని తీసుకురామ్మా' అంటారు. తీసుకొచ్చేసరికి ఐదు రోజులు అయిపోతాయి.

ఈ మాత్రల్ని చాక్లెట్లలా మింగేస్తున్నారు, చీటీ ఉంటేనే ఇవ్వాలి అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇది ప్రతి నెలా వాడుకునే పద్ధతి కాదు. పదే పదే వేసుకుంటే నెలసరి లెక్క తప్పుతుంది, రోజువారీ మాత్రలంత రక్షణా ఉండదు. కానీ ఆదివారం రాత్రి చీటీ రాసేదెవరు? తమిళనాడులో నిషేధమంటూ ఏమీ లేకుండానే మెడికల్ షాపులు ఏళ్ల తరబడి ఈ మాత్ర పెట్టడం మానేశాయి. దాంతో అక్కడి ఆడవాళ్లు పక్క రాష్ట్రాల నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇంతా చేసి, నిజంగా చీటీ మీదే అమ్మాల్సిన గర్భస్రావం కిట్లు అన్నిచోట్లా గుట్టుగా చేతులు మారుతూనే ఉన్నాయి. రక్తస్రావంతో ప్రాణం మీదికి తెచ్చేవి అవి. ఈ మాత్ర వచ్చిన కడుపును తీసేయదు. ఆ రెండిటికీ తేడా తెలియనివాళ్లే ఎక్కువగా నీతులు చెబుతున్నారు.

అసలు మన రాష్ట్రానికి కుటుంబ నియంత్రణ అంటే ఆడదాని ఆపరేషనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు, కండోమ్, కాపర్-టీ, రోజువారీ మాత్రలు అన్నీ పేరుకే. పాతికేళ్లు నిండీ నిండకముందే ఇద్దరు పిల్లల్ని కని, ఆపరేషన్ చేయించేసుకుంటే ఇక ఆమెతో మాట్లాడాల్సిన పని ఎవరికీ లేదు. పెళ్లికి ముందు, మొదటి బిడ్డకు ముందు, ఇద్దరి మధ్య ఆమెకు ఏం కావాలో అడిగే అలవాటే మన ఆరోగ్యశాఖకు పడలేదు. అత్యవసర మాత్ర గురించి ఆశా కార్యకర్త సంచీలోంచి ఒక్క మాటా బయటికి రాకపోవడానికి మూలం ఇక్కడుంది. సంచీలో మాత్ర ఉండొచ్చు, అడిగే చొరవ ఇచ్చిందెవరు?

ఇప్పుడు గాలి మళ్లింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను ముప్పై ఏళ్ల తర్వాత 2024లో ఎత్తేశారు. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెబుతున్నారు. నిన్న చాలన్నది ప్రభుత్వమే, నేడు ఇంకా కావాలంటున్నదీ ప్రభుత్వమే. రెండు మాటలకీ గర్భసంచి ఆమెదే, నిర్ణయం మాత్రం సచివాలయానిది. ఈ కొత్త ఊపులో ఆసుపత్రులకు కాపర్-టీల సరఫరా తగ్గదని, ఆశా కార్యకర్తల సంచుల్లో అత్యవసర మాత్రలు కరువవవని ఎవరైనా హామీ ఇస్తారా? జనాభా లెక్కలు చూపించి ఉపన్యాసాలిచ్చే ముందు ఆ హామీ ఇవ్వండి.

గడువు దాటి గర్భం వచ్చినవాళ్ల సంగతీ చూడాలి. గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భంలో గర్భస్రావ చట్టం 1971లో పెళ్లయినవాళ్ల గురించే మాట్లాడింది. 2021 సవరణ 'భర్త' అన్నచోట 'భాగస్వామి' అని మార్చింది. 20 వారాల లోపు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. పెళ్లికానివాళ్లకు తేడా చూపకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తేల్చేసింది. గర్భస్రావం చేయించుకున్నామె పేరు బయటపెట్టడం నేరం. అయినా రెండు ఊళ్లలోనూ కొన్ని నర్సింగ్‌హోముల్లో ముందు భర్త సంతకం కావాలంటారు, భర్త లేకపోతే తండ్రిది. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషికి ఆమె సంతకం ఒక్కటే చాలు. చట్టం ఇచ్చిన సమ్మతి పత్రం ఫారం-సి తెరిచి చూడండి, అందులో భర్త సంతకానికి చోటే లేదు.