అమరావతి స్తూపానికి బంగారు శిఖరం ఎందుకు?

నాలుగు రోజులుగా కంప్యూటర్‌తో చేసిన ఒకే బొమ్మ నా ఫోనుకు మళ్లీ మళ్లీ వస్తోంది. రెండు వేల ఏళ్ల కిందటి అమరావతి బౌద్ధ స్తూపం అట. బంగారు శిఖరం, పాలరాతి మెట్లు, వెనక మంచుకొండలు. కృష్ణ ఒడ్డున మంచుకొండలేమిటి? చూసినవాళ్లంతా చేతులు జోడిస్తున్నారు. నాకు మాత్రం కడుపు మండింది.

ఊహించవద్దని నేను అనడం లేదు. అక్కడ ఇప్పుడు మిగిలింది గడ్డి మధ్య ఒక గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. పిల్లలను తీసుకువెళితే "ఇదేనా?" అని అడుగుతారు. వాళ్లకు ఒక రూపం చూపించాల్సిందే. అయితే ఆ రూపాన్ని ఎక్కడినుంచో అరువు తేవాలా? ఆనాటి శిల్పులే స్తూపం బొమ్మను పలకల మీద చెక్కి పెట్టారు. నిండైన అండం, అంటే స్తూపపు గుండ్రటి గుమ్మటం, చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ముందుకు వచ్చిన వేదిక మీద వరుసగా ఐదు ఆయక స్తంభాలు. చూసి గీసుకోవడమే తరువాయి.

ఆ రాయి పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. అదే దాని ప్రాణం మీదికి తెచ్చింది. 18వ శతాబ్దం చివర దిబ్బను తవ్వి రాళ్లను కట్టడాలకు మోసుకుపోయారు, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. 1797లో చూసి వెళ్లిన బ్రిటిష్ సర్వేయరు కోలిన్ మెకంజీ 1816లో తిరిగివచ్చి, మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని రాళ్లు ఈరోజు ఎక్కడా లేవు, కాగితం మీది గీతలే ఉన్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడినుంచి 1859లో లండన్‌కు ఓడెక్కాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు 120కి పైగా ఉన్నాయి. చెన్నై మ్యూజియంలో మరెన్నో.

కంప్యూటర్ చేయగలిగిన అసలు పని ఇక్కడుంది. లండన్ పలకను, చెన్నై పలకను, మెకంజీ కాగితాన్ని ఒకే ప్రాకారంలో పక్కపక్కన నిలబెట్టగలదు. రాళ్లను ఇప్పట్లో ఎవరూ తెచ్చి ఇవ్వరు, కనీసం తెర మీదైనా ఇంటికి రానివ్వండి. రాయి దొరికిన చోట రాయిని చూపండి. అండం ఎంత ఎత్తున ఉండేదో మనం లెక్కకట్టి ఊహించేదే కాబట్టి దాన్ని పలుచటి గీతలతో గీయండి. ఎక్కడ సాక్ష్యం ఆగి ఊహ మొదలైందో పదేళ్ల పిల్లకు కూడా కనబడాలి.

బొమ్మలు చేసేవారికి ఒక్క విన్నపం. ఈసారి మొదలుపెట్టే ముందు చెన్నై వెళ్లి, ఆ పలకల ముందు ఒక పూట కూర్చోండి.