ఇంటికి పరిమితమైనప్పుడు దినచర్య ఎందుకు నిలబడదు?

2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే. మామిడాకులకు బజారుకు వెళ్లాలన్నా భయపడిన ఆ పండగ తర్వాత చాలా ఇళ్లలో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం వెలిసింది. ఉదయం అయిదున్నరకు లేవడం, ఆరింటికి యోగా, ఏడింటికి మొలకలు, సాయంత్రం పిల్లలతో క్యారమ్స్, రాత్రి పదికల్లా నిద్ర. ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి కాగితం అక్కడే ఉంది కానీ, ఇంట్లో పదిన్నరకు టిఫిన్, మూడింటికి భోజనం, అర్ధరాత్రి దాటాక టీ. బద్ధకమని ఒకరినొకరు తిట్టుకున్నారు. ఆ తిట్టు అన్యాయమైనది.

అంతకు ముందు మన రోజును నడిపింది మన సంకల్పబలం కాదు. ఏడున్నరకు వీధి చివరకు వచ్చే స్కూల్ బస్సు, తొమ్మిదింటికి వేలిముద్ర అడిగే ఆఫీసు, పనిమనిషి తలుపు కొట్టే వేళ, సాయంత్రం పార్కులో మన కోసం చూసే నలుగురు స్నేహితులు. ఇవన్నీ బయటి నుంచి మన రోజుకు కొట్టిన మేకులు. ఒక్క రాత్రిలో అన్నీ ఊడిపోయాయి. వాటి స్థానంలో మనం పెట్టుకున్నది ఒక కాగితం. అది ఎవరినీ నిద్ర లేపదు.

అదే ఏడాది సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి చానల్‌లోనూ, తన విద్యా చానల్ టీశాట్‌లోనూ బడిపిల్లలకు పాఠాలు ప్రసారం చేయడం మొదలుపెట్టింది. ఆ పాఠాలు ఎంతమందికి అర్థమయ్యాయన్నది వేరే చర్చ. కానీ ఫలానా తరగతి పాఠం ఫలానా టైముకు వస్తుంది, తప్పితే పోతుంది అన్న ఒక్క విషయం చాలా ఇళ్లలో పిల్లల స్నానాన్నీ టిఫిన్‌నీ మళ్లీ ఒక వేళకు తెచ్చింది. అమ్మ అరిచినా రాని క్రమం టీవీ టైముతో వచ్చింది.

మనిషి శరీరానికి లోపల ఒక గడియారం ఉంది. అది జన్యువుల స్థాయిలో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. చాలామందిలో ఆ గడియారం 24 గంటల కంటే కాస్త ఎక్కువ తీసుకుంటుంది. రోజూ దాన్ని ముందుకు జరిపి సరిచేసేది ప్రధానంగా ఉదయపు వెలుతురు. మబ్బు పట్టిన రోజైనా ఆరుబయట వెలుతురు కొన్ని వేల లక్సులు (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. ట్యూబ్‌లైట్ వేసిన గదిలో అయిదు వందలు దాటడం కష్టం. కంటికి రెండూ వెలుతురుగానే కనిపిస్తాయి కానీ, లోపలి గడియారానికి మాత్రం ఆ తేడా తెలుస్తుంది. కర్టెన్లు వేసి, కూలర్ పెట్టుకుని, పదింటి దాకా చీకటి గదిలో ఉంటే రాత్రి పన్నెండు దాటినా నిద్ర రాకపోవడంలో వింతేమీ లేదు. దాన్ని ఫోను మీదకు నెట్టేయడం తేలిక. ఫోనుదీ తప్పుంది. అసలు తప్పు ఉదయమే మొదలైంది.

మాస్కోలో జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2010 జూన్ నుంచి 2011 నవంబరు దాకా, అంగారక యాత్రను అనుకరిస్తూ ఆరుగురిని 520 రోజులు కిటికీల్లేని గదుల్లో ఉంచారు. అందరూ వడపోసి ఎంపిక చేసిన, శిక్షణ పొందిన మనుషులు. చేయాల్సిన పనుల పట్టిక ఉంది, వ్యాయామ పరికరాలున్నాయి. అయినా రోజులు గడిచేకొద్దీ వాళ్ల కదలిక తగ్గిపోయింది, పడకమీద గడిపే సమయం పెరిగింది. ఒకరి నిద్ర, మెలకువల చక్రం దాదాపు 25 గంటలకు జారింది. మిగతావాళ్లు మెలకువగా ఉన్నప్పుడు ఆయన నిద్రలో, ఆయన లేచేసరికి వాళ్లు పడకలో. అంతటివాళ్లకే అలా జరిగితే, రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉన్న మామూలు కుటుంబాన్ని క్రమశిక్షణ లేదని నిందించడం ఎలా?

ఒకే ఇంట్లో ఉన్నవాళ్ల వేళలు విడిపోయాక ఒంటరిగా ఎవరి దినచర్యా నిలబడదు. ఇంట్లో ఒకరు అయిదింటికి లేవాలనుకుంటే, ఇంకొకరు రాత్రి రెండింటి దాకా హాల్లో సినిమా చూస్తుంటే ఆ అయిదింటి మెలకువ ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకే ఆరోగ్యకరమైన దినచర్య అనేది ఒక మనిషి తీర్మానంగా కాక, ఇంటిల్లిపాదీ కుదుర్చుకున్న ఒప్పందంగా ఉంటేనే నిలుస్తుందని నేననుకుంటాను.

దిల్‌సుఖ్‌నగర్ వైపు నాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. ఇంటి పెద్దాయనకు చాలా ఏళ్లుగా షుగర్. ఉదయం టిఫిన్‌కు ముందు వేసుకునే బిళ్ల ఒకటుంది. లాక్‌డౌన్‌కు ముందు ఎనిమిదింటికి బిళ్ల, ఎనిమిదీ పావుకు ఇడ్లీ. కొడుకు ఆఫీసు ఇంటికే వచ్చాక వంటిల్లు ఆలస్యంగా తెరుచుకోవడం మొదలైంది. ఆయన మాత్రం అలవాటు కొద్దీ ఎనిమిదింటికే బిళ్ల వేసుకునేవారు. ఒకరోజు పదింటికి పేపరు చదువుతూ చదువుతూ ఆయన చేతులు వణకడం, చొక్కా చెమటతో తడిసిపోవడం కోడలు చూసింది. "మామయ్యా, బిళ్ల వేసుకున్నారా?" అంటే, "ఎప్పుడో వేసుకున్నానమ్మా, టిఫిన్ అయితే చెప్పు" అన్నారట. గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించాక తేరుకున్నారు. షుగర్ మందుల్లో కొన్ని వేసుకుని తినకుండా ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. బయటికి వెళ్లని ఇంట్లో భోజనం వేళ జారడం అంటే మందు కూడా దారి తప్పడమే.

ఆ రోజు నుంచి ఆయన టిఫిన్ ఎనిమిదీ పావుకే. మంచిదే. కానీ మిగతావాళ్లు పదింటికే తింటున్నారు కాబట్టి కోడలు రెండుసార్లు టిఫిన్ చేయాల్సి వచ్చింది. ఎనిమిదింటికి ఒక వాయి ఇడ్లీ, పదింటికి పిల్లలకు దోసెలు, మధ్యలో టీలు. మామగారి ఆరోగ్యం గాడిలో పడింది, ఆవిడ నిద్ర గంటన్నర తగ్గింది. కొన్ని వారాల తర్వాత కొడుకే ముందు లేచి మొదటి వాయి పెట్టడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్లకు అందరూ ఎనిమిదిన్నరకే తినసాగారు, ఎందుకంటే రెండుసార్లు పొయ్యి వెలిగించడం ఎంత విసుగో కొడుక్కి తెలిసొచ్చింది. ఆ ఇంట్లో రోజు గాడిన పడింది అప్పుడే.

ఆరోగ్య సలహాలు ఇచ్చేవాళ్లు ఈ విషయం దగ్గరికి రారు. పొద్దున్నే రాగి జావ తాగండి అంటారు. రాత్రి పిండి ఎవరు కలపాలి? మొలకలు తినండి అంటారు. పెసలు ఎవరు నానబోయాలి, ఎవరు గుడ్డలో మూటగట్టాలి? జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసిన మహిళలు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు. చేసిన పురుషులు 97 నిమిషాలు పెట్టారు. అసలు ఆ పనిలో చేయి పెట్టింది మహిళల్లో 81 శాతం, పురుషుల్లో 26 శాతం. ఇది లాక్‌డౌన్‌కు ముందటి లెక్క. ఆ తర్వాత పనిమనిషి రావడం ఆగింది, అందరూ మూడు పూటలూ ఇంట్లోనే తిన్నారు. ఒకరి ఆరోగ్యకరమైన దినచర్య ఇంకొకరి అయిదు గంటల చాకిరీని ఆరు గంటలు చేస్తే దాన్ని ఆరోగ్యం అనకూడదు, పనిని ఒకరి నుంచి ఇంకొకరి మీదకు మార్చుకోవడం అనాలి. ఫ్రిజ్ మీద కాగితం అంటించేముందు అందులోని ప్రతి అంశం పక్కన అది ఎవరు చేస్తారో రాయండి. సగం అంశాల పక్కన ఒకే పేరు వస్తే ఆ కాగితం నెల తిరగదు. తిరిగినా, ఆ పేరున్న మనిషి ఒళ్లు హూనమై తిరుగుతుంది.

అందుకే నన్నడిగితే చాలా తక్కువతో మొదలుపెట్టమంటాను. లేచే వేళ, మొదటి భోజనం వేళ ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి. రాత్రి ఎప్పుడు పడుకున్నా లేచే వేళ మారకూడదు. లేచిన గంటలోపు కాసేపు బాల్కనీలోనో, వాకిట్లోనో, మేడమీదో నిలబడాలి. పేపరు చదవడమూ, కాఫీ తాగడమూ అక్కడికే మార్చుకుంటే అదనంగా చేసేదేమీ ఉండదు. మధ్యాహ్నం కునుకు మానేయమని నేను చెప్పను. మే నెలలో పప్పన్నం, ఆవకాయ తిన్నాక కునుకు వద్దనడం ఆచరణలో లేని మాట. అరగంటకు అలారం పెట్టుకుని మూడింటిలోపు లేస్తే చాలు. రెండు గంటల నిద్రయితే దాని వడ్డీ రాత్రి కట్టాల్సి ఉంటుంది.

కదలిక గురించి ఇంకాస్త చెప్పాలి, ఇంటికి పరిమితమైనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అన్న పాత షరతును ఆ మార్గదర్శకాల్లో తీసేసింది. ఇంట్లో ఉండేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. ఫోన్ మాట్లాడుతూ నడిచిన అయిదు నిమిషాలూ, భోజనం చేశాక హాల్లో వేసిన నాలుగు చుట్లూ లెక్కలోకి వస్తాయి. తిన్నాక నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకు అది రెట్టింపు లాభం. 65 దాటినవాళ్లు వారంలో కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలబడే అభ్యాసాలు చేయాలని కూడా ఆ సంస్థ చెప్పింది. గట్టి కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివి గదిలోనే చేయొచ్చు. దగ్గర్లో ఇంట్లోవాళ్లు ఒకరుంటే చాలు.

ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, పెద్దవయసులో మంచం చాలా వేగంగా కండను తినేస్తుంది. 2007లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచితే, కాళ్లలోనే దాదాపు కిలో కండ తగ్గింది. జబ్బేమీ లేనివాళ్లకే ఇంత. మన ఇళ్లలో జ్వరం తగ్గాక, ఆపరేషన్ అయ్యాక, "మీరు లేవకండి, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం" అనడం ప్రేమే. ఆ ప్రేమే తర్వాత బాత్రూంలో కాలు జారడానికి దారి తీయొచ్చు. నీళ్ల గ్లాసు వంటింట్లోనే ఉంచి, రోజుకు నాలుగుసార్లు పెద్దవాళ్లనే వెళ్లి తాగమనడం కఠినంగా వినిపించవచ్చు. డాక్టరు వద్దనకపోతే ఆ కఠినత్వమే మేలు.

లాక్‌డౌన్ పోయినా ఇంటికి పరిమితమైనవాళ్లు పోలేదు. పిల్లలు అమెరికాలో ఉండి, హైదరాబాద్ ఫ్లాట్‌లో ఇద్దరే మిగిలిన తల్లిదండ్రులు ఉన్నారు. డెలివరీ అయ్యి పుట్టింటి గదిలో నెలల తరబడి ఉండే బాలింతలు ఉన్నారు. పక్షవాతం వచ్చినవాళ్లు, వాళ్లను చూసుకుంటూ తామూ గడప దాటని భార్యలు ఉన్నారు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండలు ముదిరితే పదకొండు నుంచి నాలుగు దాకా ఊరంతా ఇంట్లోనే. వీళ్లలో ఎవరికైనా ఉదయం ఆరు నుంచి ఏడున్నర మధ్య కాస్త వెలుతురూ, నడవడానికి నలభై అడుగుల చోటూ దొరకాలి.

నగరాల్లో ఆ చోటు ఉండీ దొరకడం లేదు. చాలా అపార్ట్‌మెంట్లలో మేడ తలుపుకు తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఆ వేళకు కార్లు కడుగుతూ ఉంటాడు. ట్యాంకుల భద్రత అంటారు, పిల్లలు పడిపోతారంటారు. రెండూ నిజమైన భయాలే. పిట్టగోడ ఎత్తు పెంచవచ్చు, ట్యాంకు మూతలకు తాళాలు వేయొచ్చు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మేడ తెరిచి ఉంచాలని అసోసియేషన్ మీటింగులో తీర్మానం చేయడానికి పైసా ఖర్చు లేదు. పెయింటింగుకూ, సీసీ కెమెరాలకూ లక్షలు పోగుచేసే మీటింగుల్లో పెద్దవాళ్ల నడక ఒక అంశంగా రావాలి.

ఆస్పత్రులు చేయాల్సిన పని కూడా ఒకటుంది. డిశ్చార్జి కాగితంలో బిళ్లలకు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని గళ్లు ఉంటాయి. కదలిక దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు "విశ్రాంతి" అని ఒక్క మాట. ఎన్ని రోజుల విశ్రాంతి, రోజుకు ఎన్నిసార్లు లేవాలి, ఎంత దూరం నడవొచ్చు, ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి అన్నవి కూడా ఆ గళ్లలోనే, తెలుగులో రాసివ్వాలి. పేషెంటుకు తోడుగా వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఇంట్లో ఇవన్నీ చూసేది ఎవరు, వాళ్లకు సాయం ఎవరు అని అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు డిశ్చార్జిలో భాగం కావాలి.