సైంధవ లవణం తింటే బీపీ రాదట!

మా కుటుంబం గ్రూపులో పెద్దనాన్న పెట్టిన మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. సైంధవ లవణంలో, అంటే గులాబీ ఉప్పులో, 84 ఖనిజాలున్నాయి, అది బీపీ పెంచదు. ప్యాకెట్ ఉప్పులో సైనైడ్ కలుపుతారు. అయోడిన్ కంపెనీల కుట్ర, థైరాయిడ్ జబ్బులన్నీ దానివల్లే. రాళ్లుప్పు తిన్న మన తాతలకి బీపీ అంటే ఏమిటో తెలియదు. క్లుప్తంగా ఇవీ అందులోని మాటలు. పెద్దనాన్నకి చాలా ఏళ్లుగా బీపీ ఉంది. ఇది నమ్మి ఈసారి ఆవకాయ కూడా గులాబీ ఉప్పుతోనే పెట్టించారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ 84 సంగతి. ఈ ఉప్పు ఎక్కువగా పాకిస్తాన్ పంజాబ్‌లోని ఖేవ్రా గనుల్లో తవ్వి తీసినది. 100 గ్రాములు తీసుకుంటే అందులో సుమారు 97 గ్రాములు సోడియం క్లోరైడే, అంటే మామూలు ఉప్పే. ఆ గులాబీ రంగు ఇనుప తుప్పుది. మిగతా ఖనిజాలు ఉన్నాయి, కాదనను. కానీ ఎంత? రోజుకి 5 గ్రాముల ఉప్పు తింటే దాంట్లోంచి 20 మిల్లీగ్రాముల పొటాషియం కూడా రాదు. ఒక్క అరటిపండు తింటే 350 పైనే వస్తుంది. పైగా ఆ 84 పేర్ల జాబితా మొత్తం చదివితే సీసం, ఆర్సెనిక్ కూడా కనిపిస్తాయి. వాటిని మాత్రం ఏ మెసేజూ చెప్పదు.

ఇక బీపీ. ఉప్పులో బీపీ పెంచేది ప్రధానంగా సోడియం. అది రెండిటిలోనూ దాదాపు సమానం కాబట్టి ఒకటి పెంచి ఇంకొకటి పెంచకపోవడం కుదరదు. రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది చిన్న చెంచాతో తలకొట్టి కొలిస్తే ఒక చెంచా కూడా నిండదు. ఒక చిన్న నిజం మాత్రం ఒప్పుకోవాలి. గళ్లుప్పు చెంచాలో గళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే చెంచాకి బరువు తక్కువ తూగుతుంది. కానీ మా పెద్దమ్మ ఏనాడూ చెంచాతో వేయలేదు. రుచి చూసి, చప్పగా ఉంటే ఇంకో చిటికెడు వేస్తుంది. ఆవకాయకైతే కారం, ఆవపిండి, ఉప్పు సమానంగా కొలుస్తారు. ఆ కొలతలో ఏ రంగు ఉప్పు పోసినా జాడీలో ఉండేది ఉప్పే. "ఇది మంచి ఉప్పేగా" అనుకుని ఇంకో రెండు ముక్కలు వేసుకుంటే అసలుకే మోసం.

సైనైడ్ మాట వినడానికి భయంగా ఉంటుంది. ఉప్పు గడ్డ కట్టకుండా వేసేది ఫెర్రోసైనైడ్, కిలోకి 10 మిల్లీగ్రాములు మించకూడదు. అందులో సైనైడ్ ఇనుముతో గట్టిగా బిగుసుకుని ఉంటుంది, కడుపులో విడిపోయి విషమయ్యేంత బయటికి రాదు. పేరు చూసి బెదిరిపోనక్కర్లేదు.

నాకు కోపం తెప్పించింది అయోడిన్ మాట. 1956లో ఇప్పటి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో డాక్టర్ వి. రామలింగస్వామి బృందం ఒక పని మొదలుపెట్టింది. అక్కడ మెడ ముందు కంతితో, అంటే గాయిటర్‌తో, తిరిగే మనుషులు చాలామంది. లోయని మూడు భాగాలు చేసి, రెండు భాగాలకి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. 1962లో చూస్తే అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ దాదాపు సగానికి పడిపోయింది. తిననిచోట తగ్గనే లేదు. మన దేశంలో ఉప్పుకి అయోడిన్ కలపడం వెనక ఉన్నది ఇలాంటి మెడలే, కుట్ర కాదు. కడుపుతో ఉన్న తల్లికి అయోడిన్ చాలకపోతే దెబ్బ బిడ్డ మెదడుకి తగులుతుంది. అది పైకి కంతిలా కనపడదు కూడా.

అయోడిన్ మరీ ఎక్కువైతే కొందరికి థైరాయిడ్ తేడా చేస్తుంది, నిజమే. కానీ లెక్క చూడండి. ఇంటికొచ్చే ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. ఆ కనీసం లెక్కన 5 గ్రాముల ఉప్పులో వచ్చేది 75 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 150. "సముద్రపు ఉప్పులో సహజంగానే ఉంటుందిగా" అంటారు. శ్రీకాకుళం జిల్లా నౌపడా ఉప్పు మడుల్లో ఎండబెట్టి తీసిన ఉప్పయినా సరే, విడిగా కలపకపోతే అయోడిన్ నామమాత్రమే.

తాతలకి బీపీ లేదన్నది మరీ విడ్డూరం. చేతికి పట్టీ కట్టి బీపీ కొలిచే పరికరాన్ని ఇటలీలో రివా-రోచి చేసింది 1896లో. అది మన ఊళ్లకి వచ్చేసరికి ఇంకెన్నాళ్లు పట్టిందో! కొలవని బీపీ ఎవరికి తెలుస్తుంది? మా తాతయ్య పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని అలాగే పక్కకి ఒరిగిపోయారట. "గాలి సోకింది" అన్నారు.

ఉప్పు మార్చాలనే ఉంటే నిజంగా సోడియం తగ్గించిన ఉప్పు ఒకటుంది. చైనాలో 600 ఊళ్లలో, సుమారు 21 వేలమంది మీద, నాలుగో వంతు సోడియం క్లోరైడ్ బదులు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు సగం ఊళ్లలో వాడి, మిగతా ఊళ్లతో పోల్చి చూశారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం పక్షవాతం 14 శాతం తగ్గింది. వాళ్లలో అందరూ పక్షవాతం వచ్చినవాళ్లో, బీపీ ఉన్న అరవై దాటినవాళ్లో.

ఇది చెబితే పెద్దనాన్న వెంటనే, "అయితే ఆ ప్యాకెట్ పేరేంటమ్మా, తెప్పిస్తా" అన్నారు. కిడ్నీ తేడా ఉన్నవాళ్లకి, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ ఉప్పుతో ఒంట్లో పొటాషియం ప్రమాదకరంగా పేరుకుపోవచ్చు. "ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, డాక్టర్‌ని అడిగాక తెప్పిద్దాం" అన్నాను. "మరి ఆవకాయ?" అన్నారు. ఒక్క ముక్క, అదీ రోజూ కాదు అన్నాను. ఫోన్ పెద్దమ్మకి ఇచ్చేశారు.