స్టీవ్ టికోలో ఆటలో అరటిపండు కాదు

రాత్రి నుంచి ఒళ్లు మండిపోతోంది. రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

నిన్న అన్నయ్య వాళ్లింట్లో భోజనాలు. చేతులు కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి టీవీలో 2003 క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్ హైలైట్స్ వస్తున్నాయి. డర్బన్‌లో మనకూ కెన్యాకూ జరిగిన మ్యాచ్. గంగూలీ సెంచరీ అయిపోయింది, కెన్యా బ్యాటింగ్ నడుస్తోంది. తెర మీద కెన్యా బ్యాటర్ స్టీవ్ టికోలో కనబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇతన్ని చూడరా, ఎంత గొప్ప ఆటగాడో" అన్నాను మేనల్లుడితో. వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్ తీసి రెండు సార్లు నొక్కి, "అత్తా, వన్డేల్లో బ్యాటింగ్ యావరేజ్ 29. దీనికా ఇంత బిల్డప్?" అన్నాడు. సరే, చిన్నపిల్లాడు, తెలియదు అనుకున్నాను. ఇంతలో సోఫాలోంచి అన్నయ్య అందుకున్నాడు. "పసికూనలురా వాళ్లు. న్యూజిలాండ్ మ్యాచ్ వదిలేసుకుంది కాబట్టి సెమీస్‌కి వచ్చారు." ఇద్దరూ పగలబడి నవ్వారు. వదిన కూడా నవ్వింది. వక్కపొడి కూడా వేసుకోకుండా చెప్పులేసుకుని వచ్చేశాను.

29 అట. ఆ 29 సంగతే చెప్తాను వినండి.

1996 ఫిబ్రవరి 29, పుణె. ప్రపంచకప్‌లో కెన్యాకు వెస్టిండీస్‌తో మ్యాచ్. కెన్యా 166కే ఆలౌట్. ఆ రోజు కెన్యా బ్యాటర్లలో అందరికంటే ఎక్కువ కొట్టింది టికోలో. ఎంతో తెలుసా? 29. అవతల ఆంబ్రోస్, వాల్ష్, బిషప్ బౌలింగ్. ఆ తర్వాత లారా, రిచర్డ్‌సన్ ఉన్న జట్టుని కెన్యా 93కి చుట్టేసింది. ఓడుంబే మూడు, రజబ్ అలీ మూడు వికెట్లు. ఆ 29 పరుగులు తీసేస్తే ఆ గెలుపు కథ ఏమై ఉండేదో మా మేనల్లుడి ఫోన్ చెప్తుందా?

అదే టోర్నీలో కాండీలో శ్రీలంక వీళ్ల మీద 398 కొట్టింది. పదేళ్లపాటు వన్డేల్లో అదే రికార్డు. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఆ 398 కంఠతా వచ్చు. దానికి జవాబుగా టికోలో ఆడిన ఇన్నింగ్స్ ఎంతమందికి గుర్తుంది? 96 కొట్టాడండీ. 399 ఎలాగూ రావని మైదానంలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అయినా వదల్లేదు. కెన్యా 254 దాకా వెళ్లింది. గెలిచే ఆశ ఉన్నప్పుడు ఎవరైనా ఆడతారు. ఆశే లేనప్పుడు అలా నిలబడి ఆడటానికి గుండె కావాలి. కెన్యాకి మొట్టమొదటి వన్డే ఆ టోర్నీలోనే, కటక్‌లో, మన మీదే. అందులోనూ 65 కొట్టాడు. మనకు మాత్రం ఆ రోజు సచిన్ సెంచరీ ఒక్కటే గుర్తు.

బ్రిస్టల్ కూడా అంతే. 1999 ప్రపంచకప్‌లో, తన నాన్నగారు పోయాక సచిన్ తిరిగొచ్చి అక్కడ కెన్యా మీద కొట్టిన 140 చూసి మా ఇంటిల్లిపాదీ ఏడ్చాం. నేనూ ఏడ్చాను, ఇప్పుడు తల్చుకున్నా కళ్లు చెమరుస్తాయి. కానీ ఆ మ్యాచ్‌లో అవతలి జట్టు కూడా మనుషులే కదా. వాళ్లూ ఒక ప్రపంచకప్ ఆడటానికే వచ్చారు కదా. కెన్యా అంటే మనకు ఎంతసేపూ మనవాళ్లు సెంచరీలు కొట్టుకునే గోడ.

ఇక ఈ 'పసికూన' అన్న మాట. మన క్రీడా పేజీల్లో ముప్పై ఏళ్లుగా చదువుతున్నాను. కెన్యా పసికూన, ఐర్లాండ్ పసికూన, నెదర్లాండ్స్ పసికూన. పసికూనకి మేత పెట్టి పెంచాల్సిన బాధ్యత పెద్దవాళ్లది కాదా? టికోలో 1996 నుంచి 2011 దాకా ఐదు ప్రపంచకప్‌లు ఆడాడు. పదిహేనేళ్లలో ఆడిన వన్డేలు 134. ఏడాదికి తొమ్మిది. సచిన్ మొత్తం ఆడింది 463. ఏడాదికి తొమ్మిది మ్యాచ్‌లు, అవి కూడా ఎప్పుడో ఒకసారి గుత్తగా వస్తాయి, మళ్లీ నెలల తరబడి ఏమీ ఉండదు. అలా ఆడి 3,428 పరుగులు చేశాడు, స్పిన్ వేసి 94 వికెట్లు తీశాడు. టెస్టు మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. ఆడనివ్వలేదు అంటేనే సరిగ్గా ఉంటుంది.

1997 కౌలాలంపూర్ తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది. టెస్టు హోదా లేని జట్లు ఆడే ఐసీసీ ట్రోఫీ ఫైనల్, బంగ్లాదేశ్ మీద. టికోలో 147 కొట్టాడు, జట్టు మొత్తం చేసింది 241. వాన పడింది. లెక్క మారింది, బంగ్లాదేశ్‌కి 25 ఓవర్లలో 166 కావాలన్నారు. ఆఖరి బంతికి గెలిచారు. మూడేళ్లు తిరిగేసరికి, 2000లో, బంగ్లాదేశ్‌కి టెస్టు హోదా వచ్చేసింది. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్లకి జనం ఉన్నారు, మార్కెట్ ఉంది. నైరోబీలో అంత మార్కెట్ లేదు. తేడా అక్కడే వచ్చింది.

ఈ రెండు జట్లనూ నేను కళ్లారా చూశాను. 1998 మే 17, మన ఎల్బీ స్టేడియం. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఇండియా మ్యాచ్ కాదు కాబట్టి అన్నయ్య రానన్నాడు. నాన్న నన్ను తీసుకెళ్లాడు. స్టీలు డబ్బాలో పులిహోర, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు. బంగ్లాదేశ్ తన మొట్టమొదటి వన్డే గెలుపు ఆ రోజు మన హైదరాబాద్‌లోనే గెలిచింది. రఫీక్ 77 కొట్టాడు. వాళ్ల సంబరం చూస్తే ముచ్చటేసింది. కెన్యా ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్తుంటే మా స్టాండ్‌లో ఎవరూ అటు చూడలేదు. నాన్న ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "వీళ్లు మంచి జట్టమ్మా, చూస్తూ ఉండు" అన్నాడు. సరిగ్గా పదకొండు రోజులకి గ్వాలియర్‌లో ఇదే కెన్యా ఇండియాని 69 పరుగుల తేడాతో ఓడించింది. 2001లో పోర్ట్ ఎలిజబెత్‌లో మళ్లీ ఓడించింది, 70 పరుగుల తేడాతో. ఒకసారి గెలిస్తే గాలివాటం అనొచ్చు. రెండోసారి కూడా గాలేనా?

2003కి వస్తాను. అవును, భద్రత కారణం చెప్పి న్యూజిలాండ్ నైరోబీ రాలేదు. ఆ పాయింట్లు కెన్యాకి వచ్చాయి. రావొద్దని కెన్యా చెప్పిందా? శ్రీలంక వచ్చింది కదా. జయసూర్య, అరవింద, మురళీ అందరూ ఉన్న శ్రీలంక. కెన్యా చేసింది 210. కాలిన్స్ ఒబుయా అనే కుర్ర లెగ్ స్పిన్నర్ 24 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశాడు. శ్రీలంక 157కి ఆలౌట్. తర్వాత బంగ్లాదేశ్ మీద గెలిచారు, సూపర్ సిక్స్ అనే తర్వాతి దశలో జింబాబ్వే మీద ఏడు వికెట్లతో గెలిచారు. అవి కూడా న్యూజిలాండ్ ఇచ్చినవేనా అన్నయ్యా? టెస్టు హోదా లేని జట్టు ప్రపంచకప్ సెమీఫైనల్ ఆడటం అదొక్కసారే, ఇప్పటికీ ఇంకెవరూ ఆడలేదు. ఆ జట్టుకి కెప్టెన్ టికోలో. కోచ్ మన సందీప్ పాటిల్. డర్బన్‌లో 271 వెంటాడుతూ ఒక పక్క వికెట్లు పడిపోతుంటే 56 కొట్టింది కూడా అతనే. మావాళ్లు నవ్వింది ఆ 56 మీద.

ఆ తర్వాత ఏం జరిగిందో తల్చుకుంటే ఇంకా మంట. సెమీస్ దాకా వచ్చిన జట్టుని పిలిచి నాలుగు సిరీస్‌లు ఆడించాలా వద్దా? 2004లో ఛాంపియన్స్ ట్రోఫీలో రెండు వన్డేలు దొరికాయి. 2005లో కెన్యాకి ఒక్క వన్డే లేదు, ఒక్కటంటే ఒక్కటి. వాళ్ల బోర్డులో గొడవలు, ఆటగాళ్ల జీతాల తగాదా, బుకీల వ్యవహారంలో ఓడుంబే మీద ఐదేళ్ల నిషేధం, ఇవన్నీ నిజమే, కాదనను. బోర్డుల్లో గొడవలు ఎక్కడ లేవు? బుకీల మరక ఏ దేశానికి అంటలేదు? పెద్ద జట్లకి అలాంటివి జరిగితే పట్టుమని ఆర్నెల్లలో అంతా మామూలైపోయింది. చిన్న జట్టుకి జరిగితే అదే సాకు. 2014లో వన్డే హోదా కూడా పోయింది. ప్రపంచకప్‌నే పది జట్లకి కుదించి పారేశారు, 2019లోనూ 2023లోనూ. ఇంకో టికోలో పుట్టినా ఆడటానికి చోటేది?

ఇంత కోపం ఎందుకమ్మా నీకు, అంటారు. చెప్తాను.

నల్లకుంటలో మా ఇంటి ముందు సందులో అన్నయ్య వాళ్లు క్రికెట్ ఆడేవాళ్లు. నేనూ ఆడతానని ఏడిస్తే అమ్మ బలవంతం మీద చేర్చుకునేవాళ్లు. "సరే రా, నువ్వు ఆటలో అరటిపండు" అనేవాడు అన్నయ్య. అరటిపండు అంటే తెలుసుగా. నువ్వు ఆటలో ఉంటావు కానీ లెక్కలో ఉండవు. బంతి మోరీలో పడితే తీసి, బోరింగు దగ్గర కడిగి, గౌనుకి తుడిచి ఇచ్చేది నేనే. మధ్యాహ్నం నుంచి ఎండలో ఫీల్డింగ్. నా బ్యాటింగ్ వచ్చేసరికి ఎప్పుడూ చీకటి పడేది. పైగా "నీకు ఆడటం రాదు" అనేవాళ్లు. బ్యాటు ఇస్తే కదా వచ్చేది! మా మేనల్లుడు చూపించిన ఆ 29 చూడగానే నాకు ఆ సందు గుర్తొచ్చింది. ఎంతమంది ఆడపిల్లలు ఇలా బంతులు కడిగి కడిగి ఇంట్లోకి వెళ్లిపోయారో ఎవరూ రాయరు. దానికి యావరేజ్ కూడా ఉండదు.

టికోలో ఆఖరి వన్డే 2011 మార్చి 20న, ఈడెన్ గార్డెన్స్‌లో. డర్బన్ సెమీఫైనల్ జరిగి ఆ రోజుకి సరిగ్గా ఎనిమిదేళ్లు. అప్పుడు ఎదురుగా ఇండియా, ఇప్పుడు జింబాబ్వే, 161 పరుగుల తేడాతో ఓటమి. మా ఇంట్లో ఆ మ్యాచ్ చూసింది నేనూ నాన్నా మాత్రమే. నాన్న అప్పటికి మంచం మీద ఉన్నాడు. టికోలో అవుటై వెళ్తుంటే పడుకునే చప్పట్లు కొట్టాడు.

అన్నయ్యా, ఈ పోస్ట్ నువ్వు చదువుతావని తెలుసు. 1997 వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం బౌలింగ్ చేసేవాళ్లు లేక నాకు బంతి ఇచ్చావు. నీ కాళ్ల సందులోంచి దూరి వెనకున్న ఇటుకలకి తగిలింది. పై ఇటుక పడిపోయింది కూడా. "అరటిపండు వేస్తే లెక్కలేదు" అని మళ్లీ బ్యాటు పట్టుకుని నిలబడ్డావు. నాన్న కిటికీలోంచి చూశాడు.

నువ్వు అవుటే.