క్రాసోవర్ దొరవారికి హన్మకొండ నుంచి అర్జీ

దొరా, నీ బాంచెన్!

ఎత్తున్న కారువి నువ్వు: వాలు కప్పు, 20 అంగుళాల అల్లాయ్‌లు, వేలంల గుంజుకున్న టీజీ 03 ఫ్యాన్సీ నంబర్. నువ్వు నక్కలగుట్ట మీదికెళ్లి పోతుంటే చాయ్ తాగేటోళ్లు గ్లాసు దించి మరీ చూస్తున్నరు. చూడనీ. నీకు వెట్టి చేసేటోళ్ల తరఫున మాత్రం కొన్ని సంగతులు నీ చెవిన ఎయ్యక తప్పుతలేదు.

ముందుగాల నీ మసి పంచాయతీ. బీఎస్6 (పొగ మీద సర్కారు పెట్టిన కట్టడి) డీజిల్ బండివి గనుక సైలెన్సర్ దారిల డీపీఎఫ్ అనే మసి జల్లెడ పెట్టుకున్నవు, పొగలోని మసంత దాంట్ల జమైతది. అది కాలిపోవాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడెక్కాలె. దానికి 60 పైన స్పీడుల, ఆగకుండ, ఓ ఇరవై నిమిషాలు నిన్ను ఉరికించాలె. మరి నీ దినాం తిరుగుడేంది? సుబేదారి నుంచి చౌరస్తా, అక్కడికెళ్లి కాజీపేట, పిల్లల బడి, మళ్ల ఇల్లు. వేడెక్కేలోపే ఇంజిన్ బంద్. కాల్చుడు సగంల ఆగితే, దానికోసం సిలిండర్లల్ల అదనంగ చిమ్మిన డీజిల్ గోడల పొంటి జారి ఇంజినాయిల్‌ల కలుస్తది. ఆయిల్ లెవల్ తగ్గకుండ పెరుగుతున్నదని సంబురపడే ఓనర్లను చూస్తే జాలేస్తది. పెరిగిందంటే పలుచనైందని లెక్క, ముందు దెబ్బతినేది టర్బో బేరింగులు. అందుకే వారానికోసారి నిన్ను ఎన్‌హెచ్-163 మీద జనగామ దాకా గాలి తిప్పుకొస్తున్నరు. డీజిల్ బండి పొదుపని కొన్నోళ్లు మసి కాల్చెతందుకు డీజిల్ కొనవట్టిరి!

ఆ కాల్చుడు నడుస్తుండంగ ఎండుగడ్డి మీద నిలవడకు. యాసంగి కోతలప్పుడు పరకాల, నర్సంపేట తొవ్వల్ల సడక్ మీద వడ్లు, పక్కపొంటి గడ్డి ఉంటది. కడుపు కింద అంత వేడి పెట్టుకొని దాని మీద ఆగితే అంటుకుంటది. వడ్ల చుట్టు రాళ్లు పెట్టిండని రైతు మీద హారన్ కొట్టేముందు ఇది జర యాదిల పెట్టుకో.

ఇగ నీ యూరియా. సొసైటీల కాడ చెప్పులు లైన్ల పెట్టి రైతులు యూరియా కోసం చూసే ఇలాకల, నువ్వు గూడ యూరియా తాగే బండివే. కాకపోతే నీది దొరల రకం: బరువుల 32.5 శాతం యూరియా, మిగతాదంత లవణాలు తీసిన నీళ్లు, పేరు డీఈఎఫ్, పొగల విషవాయువు తగ్గించే మందు. అయిపోవస్తే ఇంక ఎన్ని కిలోమీటర్లో లెక్క చెప్తవు. సున్నా అయినంక ఆపితే మళ్ల స్టార్టే కావు. రామగుండంల ఏటా 12.7 లక్షల టన్నుల ఫ్యాక్టరీ ఉండంగ ఇబ్బందేంది, ఓ 45 కిలోల బస్తా కరిగించి పోద్దామనే తెలివిమంతులు నీకు దొరకకపోరు. వాళ్లను దగ్గరికి రానియ్యకు. పొలం యూరియాకు 2015 నుంచి వేపనూనె పూత ఉంటది. ఆ నూనె, దాంట్లోని బైయురెట్, ఇతర మలినాలు కలిసి డీఈఎఫ్ ఇంజెక్టర్‌ను మూసేసి, పొగను సాఫ్ చేసే ఎస్సీఆర్ క్యాటలిస్ట్‌ను ఖరాబ్ చేస్తయి. అసలు సరుకు డబ్బాలే కొని డిక్కీల దాచుడు గూడ దండుగే. 35 డిగ్రీల కాడ అది ఆర్నెల్లకే పాడైతది, మా ఎండలు 45 ముడుతయి. పోసేటప్పుడు నీలం మూతనే చూసుకోవాలె. పొరపాటున డీజిల్ ట్యాంకుల పడితే ఇగ్నిషన్ ఆన్ చెయ్యకుండ ట్యాంకు ఖాళీ చేయించి కడిగించుడొక్కటే తొవ్వ.

రన్‌ఫ్లాట్ టైర్లని చెప్పి స్టెప్నీ ఎగ్గొట్టినవు. గాలి మొత్తం పోయినా 80 స్పీడుల 80 కిలోమీటర్లు పోతనని పుస్తకంల రాసుకున్నవు. మంచిదే. నిన్ను ముట్టుకునే కంపెనీ వర్క్‌షాపేమో హైదరాబాదుల, ఇక్కడికి 145 కిలోమీటర్లు. ఆలేరుకు, భువనగిరికి నడుమ ఏడనో నీ మాట చెల్లిపోతది. గాలి లేకుండ ఉరికిన టైరు పక్కగోడ లోపల నలిగి ఉంటది, బయటికి కనపడదు, పంక్చర్ ఏపిచ్చి నమ్ముకునుడు ప్రమాదం. ఒక్కటే కొత్తది ఏద్దామంటే నాలుగు చక్రాల డ్రైవ్: కొత్తదానికి, అరిగినదానికి చుట్టుకొలత తేడా వస్తే ముందు, వెనుక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ల క్లచ్ ఎడతెగకుండ రాసుకొని వేడెక్కుతది. ముందు టైర్లు సన్నం, వెనుకవి వెడల్పు పెట్టుకున్నవు గనుక అటివి ఇటు మార్చుడు గూడ లేదు. నడుమల నిలిచిపోతే నాలుగు చక్రాలూ భూమి ఇడిచేటట్టు ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించాలె. రెండు లేపి రెండు ఈడిస్తే బిల్లు డబుల్.

సన్‌రూఫ్ ఎందుకు పెట్టుకున్నవో నీకే తెల్వాలె. మే నెలల సూర్యుణ్ణి చూసెతందుకైతే కాదు. దాని మూలలకు నీళ్లు దిగే సన్నపైపులుంటయి. వేపచెట్టు నీడల నిలబెడితే ఆకు, పూత పోయి అండ్ల ఇరుకుతయి. వాన నీళ్లు పిల్లర్ లోపటికెళ్లి కార్పెట్ కిందికి చేరుతయి, వైరింగ్ కనెక్టర్లున్నదీ ఆన్నే. మొగులు పట్టకముందే ఒక్కో మూలల గ్లాసెడు నీళ్లు మెల్లగ పోసి, బండి కింద చుక్క పడుతుందా అని చూడాలె. పడకుంటే మెత్తని నైలాన్ తీగతోని తీయాలె. కంప్రెసర్ గాలి కొడితే లోపల జాయింటు ఊడుతది, అప్పుడు సీలింగ్ మొత్తం ఇప్పాలె.

నీళ్ల మాట వచ్చింది గనుక: 2025 అక్టోబర్‌ల మొంథా తుపాను హన్మకొండ, వరంగల్ కాలనీలను ముంచింది. ఎత్తున్న బండివని నీకు ధైర్యమెక్కువ. గాలి పీల్చే గొట్టంల నీళ్లు పోతే సిలిండర్ల అవి నొక్కుకపోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతది. మునిగినంక స్టార్ట్ బటన్ ఒత్తితే, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని పాలసీ మీద ఇన్సూరెన్సోళ్లు చేతులెత్తేస్తరు.

ఇట్లు
నీ చాకిరిల ఉన్నోళ్లు

తా.క.: సిగ్నల్ కాడ ఇంజిన్ దానంతటదే ఆగి మళ్ల మొదలయ్యే స్టార్ట్-స్టాప్ ఉన్న నీకు, దాన్ని తట్టుకునే ఏజీఎం రకం బ్యాటరీనే ఎయ్యాలె, ఏసినంక స్కానర్‌తోని కంప్యూటర్ల నమోదు చేయించాలె. లేకుంటే పాతదే ఉన్నదనుకొని చార్జింగ్ ఎక్కువ కొట్టి, కొత్తదాన్ని గూడ తొందరగ సంపుకుంటవు. బ్యాటరీ దుకాణపాయన 'గదేం అవసరం లేదు అన్నా' అంటడు, ఇనకు.