తిరగరాత గారికి ఒక ఫిర్యాదు

తిరగరాత గారూ,

"మరల నిదేల రామాయణంబు" అని మిమ్మల్ని అడగబోవడం లేదు. రోజూ తినే అన్నమే మళ్లీ తింటున్నాం కదా అని విశ్వనాథ ఎప్పుడో జవాబు చెప్పేశారు. నా గొడవ వేరు. పాత కథల్ని కొత్తగా రాయించే మీ వల్ల నా మనశ్శాంతి పోయింది.

పాత క్లాసిక్కులతో ఒక సుఖం ఉండేది. వాటిలో కష్టాలు పడ్డవాళ్లంతా ఎప్పుడో పోయారు. కాసేపు ఏడ్చి, పుస్తకం మూసి, టీ పెట్టమని కేకేయొచ్చు. డికెన్స్ 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' (1850)లో ఆ పసివాడు లండన్ గోదాములో సీసాలు కడుగుతుంటే అయ్యో పాపం అనుకున్నాం. ఆ రోజులే అంత అనుకుని హాయిగా నిద్రపోయాం.

మీరేం చేశారు? 2022లో బార్బరా కింగ్‌సాల్వర్ చేత 'డెమన్ కాపర్‌హెడ్' రాయించారు. అదే పిల్లాణ్ని అమెరికాలో, వర్జీనియా లీ కౌంటీలో, ఓ ట్రైలర్ ఇంట్లో పుట్టించారు. ప్రభుత్వం వాణ్ని పెంపుడిళ్లకు అప్పగిస్తే, ఒకాయనకు కావాల్సింది బిడ్డ కాదు, పొగాకు చేలో జీతం లేని కూలీ. తర్వాత ఫుట్‌బాల్‌లో మోకాలు దెబ్బతింటే డాక్టరే ఆక్సీకాంటిన్ అనే, అలవాటైతే వదలని నొప్పి బిళ్లలు రాసిస్తాడు. పోనీ, కథలో విలన్‌ని తిట్టి ఊరుకుందామా అంటే ఆ బిళ్ల నిజం! అలవాటుపడే ప్రమాదం తక్కువని డాక్టర్లను తప్పుదారి పట్టించామని దాన్ని అమ్మిన కంపెనీ 2007లో వర్జీనియా కోర్టులోనే ఒప్పుకుంది. పైగా ఆ రచయిత్రి రాయల్టీ డబ్బుతో అదే లీ కౌంటీలో, మత్తు నుంచి కోలుకునే ఆడవాళ్ల కోసం ఓ ఇల్లు ఏర్పాటు చేశారు. నవల చదివి నేను చేసిన ఘనకార్యం ఫోన్‌లో నాలుగు స్టార్లు కొట్టడం. నామోషీ కాదా, చెప్పండి.

మార్క్ ట్వెయిన్ 'హకిల్‌బెరీ ఫిన్'నీ వదల్లేదు మీరు. అందులో నల్లజాతి బానిస జిమ్ మాట్లాడే తీరు చూసి తరతరాలుగా నవ్వుకున్నాం. అదే కథను జిమ్ నోట చెప్పించిన పెర్సివల్ ఎవరెట్ 'జేమ్స్' (2024)లో ఆ జిమ్ బానిసల పిల్లలకు పాఠం చెబుతుంటాడు. దొరసాని వంటగది అంటుకుంది, ఆవిడ అటు తిరిగి నిలబడింది, ఎలా చెబుతారు? "మంట, మంట" అంటారు పిల్లల్లో ఒకరు. దాదాపు సరే గానీ కాదంటాడు. అమ్మగారూ, అటు చూడండి అని యాసలో అనాలి. ప్రమాదానికి పేరు పెట్టే హక్కు తెల్లవాళ్లదే మరి. వాళ్ల ఎదుట వేసే వేషమట ఆ యాస! ఇన్నాళ్లూ నేను నవ్వింది ఎవరిని చూసి?

మీ ఇంట్లో బుద్ధిమంతులూ లేకపోలేదు. హీరోయిన్ చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి, బంగళాను అపార్ట్‌మెంట్ చేసి, 'నేటి తరం కోసం' అని అట్ట మీద వేయిస్తారు. అవంటే నాకు ప్రాణం. చదివితే ఎవరికీ ఏమీ కాదు.

ఇక అసలు విన్నపం. దయచేసి 'కన్యాశుల్కం' జోలికి రావద్దు. గిరీశం డైలాగులు మాకు నోటికొచ్చు. ముసలివాడితో ఎవరి పెళ్లి ఆపడానికి అంత నాటకమాడారో ఆ పసిపిల్ల సుబ్బి మాట ఒక్కటీ గుర్తులేదు, దానికేం ఇబ్బందీ లేదు. ఇప్పుడు మీరొచ్చి కథ సుబ్బి నోట చెప్పించారనుకోండి. అది 1892 నాటిది అని తప్పించుకోవడానికి ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20–24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆ పిల్ల నోరు విప్పితే తాళి కట్టినవాడితో ఆగదు. పంతులు, పందిరి వేసినవాడు, పుట్టినతేదీ మార్చి రాసినవాడు, కవరులో కట్నం చదివించి విస్తరి ముందు కూర్చున్న మేము, అందరం వరసగా పాత్రలమైపోతాం.

గిరీశంతోనే మాకు బాగుంది.

ఇట్లు,
క్లాసిక్కులంటే అమిత గౌరవం గల
ఓ పాఠకుడు