ఆరోగ్యశ్రీ ఎత్తేయాలనే ఫార్వర్డ్‌కి నా జవాబు

వారం నుంచి ఒకటే మెసేజ్. బంధువుల గ్రూపులో పెద్దనాన్న పెట్టారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు పెట్టారు, నిన్న నాతో చదువుకున్న డాక్టరు కూడా పెట్టాడు. "ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ ఎత్తేయాలి. మన పన్నులతో సోమరుల్ని మేపుతున్నారు. రోజుకు రెండు టీల ఖర్చుతో ప్రైవేటు బీమా వస్తుంది. అసలు ఇవి ఎవరడిగారు? ఫ్రీ కదా అని జనం ఊరికే ఆస్పత్రుల్లో చేరిపోతున్నారు. బాగుపడేది కార్పొరేట్ ఆస్పత్రులే." ఇదీ దాని సారాంశం.

పన్నుల మాట ముందు తేల్చేద్దాం. సబ్బు కొనే కూలీ కూడా జీఎస్టీ కడుతున్నాడు. పెద్దనాన్నా, 70 దాటినవాళ్లకి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. మీరూ అర్హులే. మీరు సోమరులా?

రెండు టీల బీమా పాతికేళ్ల కుర్రాడికి దొరుకుతుందేమో. అరవై ఏళ్లు, షుగరు, బీపీ ఉన్న మనిషిని వెళ్లి అడగమనండి. ముందే ఉన్న జబ్బుకి మూడేళ్ల దాకా ఆగమనడానికి కంపెనీకి నిబంధనలే వీలిస్తున్నాయి. ఆరోగ్యశ్రీలో ఆ ఆగడం లేదు.

ఎవరడిగారంటే, జనమే అడిగారు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యే ముందు గుండె ఆపరేషన్ కావాలంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవాలి, సిఫార్సు లేఖ కోసం నాయకుల గుమ్మాల ముందు నిలబడాలి. తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయి? ఆంధ్రప్రదేశ్‌లో పథకానికి రాజీవ్ పేరు పోయి ఎన్టీఆర్ పేరొచ్చింది, అది పోయి వైఎస్సార్ పేరొచ్చింది, మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. పథకం తీసేసే ధైర్యం మాత్రం ఏ పార్టీకీ లేకపోయింది. 2023 డిసెంబరులో తెలంగాణ ఉచిత చికిత్స పరిమితిని 10 లక్షలు చేసింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. ఓట్ల కోసమే అనుకుందాం. జనానికి అక్కర్లేనిదానికి ఓట్లు రాలతాయా?

నన్ను నిజంగా మండించింది "ఊరికే చేరిపోతున్నారు" అన్న మాట. కిడ్నీలు పాడైన మా చిన్నాన్నకి తోడుగా డయాలసిస్‌కి (మిషన్‌తో రక్తం శుభ్రం చేయించడానికి) వెళ్తుంటాను. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. లోపలికి వెళ్లగానే చెప్పులు విడిచి బరువు చూసే మిషన్ ఎక్కుతాడు. రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరినట్టే, ఆయన మొహం వాడిపోతుంది. ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంటుంది, వేలు ఆనిస్తే గుర్రుమని అదురుతుంది. అందులో రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. ఎండాకాలంలో కూడా నీళ్లు కొలుచుకునే తాగాలి. ఫ్రీ అని సరదాకి ఇందులో చేరేవాడు ఎవడో ఒక్కడిని చూపించండి!

ఇంకో సంగతి. ఆస్పత్రిలో చేరక్కర్లేని జ్వరానికో, నెలనెలా వాడే షుగరు బిళ్లలకో ఈ పథకం దాదాపు డబ్బివ్వదు. జాబితాలో ఉన్న ఆపరేషన్లకీ పెద్ద జబ్బులకీ ఇస్తుంది. ఎమర్జెన్సీ అయితే తప్ప, ఆస్పత్రి రిపోర్టులు పంపాలి, పథకం నడిపే ట్రస్టు డాక్టర్లు చూసి ఒప్పుకోవాలి, ఆ తర్వాతే చికిత్స. రోగి కార్డు పట్టుకెళ్లి "నాకో స్టెంట్ వేయండి" అంటే వేసేస్తారా? నాతో చదువుకున్నవాడు డాక్టరై ఉండి ఈ మెసేజ్ ఎలా పంపాడో నాకు అర్థం కాలేదు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు జరిగిన మాట నిజం. అవి చేయించుకోమని చెప్పింది ఎవరు? ఆ ఆడవాళ్లా, తెల్లకోట్లు వేసుకున్నవాళ్లా?

కార్పొరేట్ ఆస్పత్రులు బాగుపడ్డాయన్నది మాత్రం ఒప్పుకుంటాను. దొంగ బిల్లులు పెట్టినవీ ఉన్నాయి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆయుష్మాన్ మీద 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 7.5 లక్షల మంది పేర్లు 9999999999 అనే ఒకే ఫోన్ నంబరుకి ఎక్కి ఉన్నాయి. అన్నీ దొంగ కార్డులని దానర్థం కాదు గానీ, తనిఖీ ఎంత చక్కగా ఉందో తెలుస్తుంది. ఆరోగ్యశ్రీకి పోసిన డబ్బులో సగమైనా ఏరియా ఆస్పత్రుల మీద పెట్టి ఉంటే చిన్నాన్న ఇవాళ తొలి బస్సుకి పరుగెత్తక్కర్లేదు. ఆ ఒక్క విషయంలో మెసేజ్ రాసినవాళ్లతో నాకు గొడవే లేదు.

కానీ దానికి మందు పథకం ఎత్తేయడమా? ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? 2025లో బకాయిలు రాలేదని రెండు రాష్ట్రాల్లోనూ ఈ పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపితే ఇబ్బంది పడింది రోగులు. ఫార్వర్డ్ చేయాలంటే అది చేయండి: బకాయిలు నెలనెలా కట్టమనండి, దొంగ బిల్లు పెట్టిన ఆస్పత్రిని జాబితాలోంచి తీసేసి ఆ పేరు బయటపెట్టమనండి, ప్రతి ఏరియా ఆస్పత్రిలో డయాలసిస్ మిషన్లు, వాటిని నడిపే టెక్నీషియన్లు ఉండాలనండి. ఆ మెసేజ్ వస్తే పది గ్రూపుల్లో నేనే పెడతాను.